గడప తెగకుండా

జక్రాన్‌పల్లి పాత దర్వాజల నుంచి దోమకొండ గడి కమానుల దాకా కెమెరాతో ఒక ప్రయాణం

మాఘమాసం వచ్చిందంటే జక్రాన్‌పల్లి చుట్టుపక్కల కల్లాలన్నీ పసుప్పచ్చగా మెరుస్తుంటాయి. తవ్వి, ఉడికించి, ఆరబోసిన పసుపు కొమ్ముల పక్కనుంచి ఒక్కసారి నడిచినా ఆ వాసన సాయంత్రం దాకా బట్టలను వదలదు. ఆ పంటలో ఎక్కువ భాగం నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతుంది. అక్కడి నుంచి ఎక్కడెక్కడి వంటిళ్లకో చేరుతుంది. కొంచెం మాత్రం ఊళ్లోనే, గడపల మీద మిగులుతుంది.

ఎండ ఏటవాలుగా పడే ఆ పొద్దుటి వేళల్లో నేను తిరిగేది ఆ గడపల కోసమే. పాత దర్వాజల కోసం.

ఒక శుక్రవారం, గూనపెంకుల భవంతి ముందు ఆగాను. రెండు రెక్కల టేకు తలుపు. చౌకట్టు నిండా తీగలు, మీది చట్టం మధ్యలో విచ్చుకున్న తామర, ఇరువైపులా రెండు చిలకలు. పక్క గోడలో దీపం గూడు, దాని చుట్టూ ఏళ్ల తరబడి పట్టిన మసి. ఇంటి అవ్వ అప్పుడే గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి లేచింది. అడిగి ఫోటో తీశాను. చిలకలు బాగా రావాలని దగ్గరికి జరిగి తీశాను. తెర మీద చూపిస్తే ఆమె కళ్లు చిట్లించి చూసింది.

“గడప ఏది బిడ్డా?”

కింది అంచులో తెగిపోయింది. చిలకల మీదే ధ్యాస పెట్టాను కాబట్టి నాకది తప్పుగా కూడా తోచలేదు.

“గడప లేని దర్వాజ దర్వాజేంది? కాళ్లు నరికి నిలబెట్టినట్టుంది. మళ్ల తియ్యి.”

మళ్లీ తీశాను. అప్పటి నుంచి ఏ దర్వాజ ముందు నిలబడినా ముందుగా చూసుకునేది కింది అంచునే. మన భాషలో గడప అంటే ఇల్లే. ఊరి లెక్క చెప్పేటప్పుడు ఇన్ని గడపలు అంటాం. అలిగితే నీ గడప తొక్కనంటాం. హిరణ్యకశిపుడికి చావు రావలసిన చోటు ఇంట్లోనూ కాదు, బయటా కాదు అన్నప్పుడు నరసింహస్వామి కూర్చున్నది గడప మీదే. కొత్త ఇంటికి దర్వాజ ఎత్తేటప్పుడు ముహూర్తం చూస్తాం, మామిడాకులు కడతాం, వడ్లాయనకు బట్టలు పెట్టి దండం పెడతాం. గోడ కట్టడానికి ఇంత తతంగం లేదు. ఇంటికి ప్రాణం ఎక్కడుందో మన పెద్దలకు స్పష్టంగా తెలుసు.

మొదటి నెగెటివ్ కిటికీదే

ఫోటోగ్రఫీ పుట్టిందే కిటికీ దగ్గర. ఫ్రాన్సులో నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి కిటికీలోంచి కనిపించే కప్పులను లోహపు పలక మీద నిలిపాడు. కెమెరాతో తీసినవాటిలో ఇప్పటికి మిగిలిన అత్యంత పాత చిత్రం అదే. ఇంగ్లండులో టాల్బాట్ 1835 ఆగస్టులో లాకాక్ అబ్బీ అనే తన పాత భవంతిలో ఒక జాలీ కిటికీని తీశాడు. అది ఇప్పటికి దొరికిన మొట్టమొదటి నెగెటివ్. తపాలా బిళ్లంత కాగితం ముక్క. తీసిన కొత్తలో భూతద్దం పెట్టి చూస్తే రెండు వందల దాకా అద్దం పలకలు లెక్కపెట్టవచ్చని ఆయనే రాసుకున్నాడు. ఆయన ఇల్లంతా పెట్టుకున్న చిన్న కెమెరా పెట్టెలను భార్య ఎలుకబోనులనేదట. తొమ్మిదేళ్ల తర్వాత, 1844లో, అదే టాల్బాట్ తెరిచిన ఒక తలుపును తీశాడు. దానికి చీపురు ఆనించి ఉంటుంది. లోపల చీకటి, బయట ఎండ. అంతే బొమ్మ.

వెలుతురు లోపలికి వచ్చే దారి కిటికీ. కెమెరాకు కావలసిందీ అదే కాబట్టి మొదటి చూపు దాని మీద పడడంలో వింత లేదు. ప్యారిస్‌లో అట్జే అనే ఆయన బరువైన పెట్టెకెమెరా మోసుకుంటూ పాత వాకిళ్లు, తలుపు గొళ్లాలు, మెట్ల కటకటాలు తీసి చిత్రకారులకూ పనివాళ్లకూ అమ్ముకుని బతికాడు. వాటిని ఆధారాలనే పిలిచేవాడు. కళ అనిపించుకోవాలన్న ఆరాటం లేకుండా చేసిన ఆ పని వల్లే కూలిపోయిన పాత ప్యారిస్ ఈ రోజు మనకు కనిపిస్తోంది. మన దగ్గర ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ రాజమహళ్లనూ కట్టడాలనూ గాజు పలకల మీదికి ఎక్కించాడు. కానీ జక్రాన్‌పల్లి లాంటి ఊళ్లోని రైతు ఇంటి దర్వాజ ముందు ఏ ఆస్థాన ఫోటోగ్రాఫరూ ముక్కాలిపీట దించలేదు. ఆ పని ఫోనున్న ప్రతి మనిషికీ మిగిలింది.

ఒకే ప్రహరీలో రెండు విద్యలు

జక్రాన్‌పల్లి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా కామారెడ్డి దాకా వెళ్లి, ఆ తర్వాత హైవే వదిలితే దోమకొండ. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదీ నిజామాబాద్ జిల్లానే. సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించిన ఖిల్లాను ఊరివాళ్లు గడి అంటారు. చుట్టూ రాతి ప్రహరీ, కందకం. లోపల మహాదేవుడి గుడి, అద్దాల మేడ, వెంకట భవనం. శిథిలమైపోతున్న ఆ కట్టడాన్ని వారసులు పూనుకుని బాగుచేయించారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దానికి ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ దక్కింది. గోల్కొండ మెట్ల బావులకూ అదే ఏడాది పురస్కారం వచ్చింది.

తలుపులు, కమానులు తీయాలనుకునేవాళ్లకు తెలంగాణలో ఇంతకన్నా మంచి బడి లేదని నా అభిప్రాయం. ఎందుకంటే వాకిలి నిలబెట్టే రెండు విద్యలూ ఇక్కడ ఒకే ప్రహరీలో పక్కపక్కనే ఉన్నాయి.

మొదటిది గుడిది. కాకతీయ శైలిలో రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక రాతి దూలం. రాయి పైనుంచి ఎంత బరువు పడినా నలగదు కానీ నడుమ వంగిందంటే పగులుతుంది. అందుకే రాతి వాకిళ్లు ఇరుకుగా ఉంటాయి. ఆ ఇరుకునే మన శిల్పులు అందంగా మలుచుకున్నారు. వాకిలి చుట్టూ ఒకదాని వెనక ఒకటిగా శాఖలనే చెక్కడపు పట్టీలు, కింద ద్వారపాలకులు, పైన నడుమ లలాటబింబమనే దేవతా మూర్తి. వరంగల్ వైపు వెళ్లినవాళ్లు 1163 నాటి వేయిస్తంభాల గుడిలో, 1213 నాటి రామప్పలో గర్భగుడి ముందు వాకిలికి ఇరువైపులా రాతి జాలకాలు చూసే ఉంటారు. రాయికి వస్త్రంలా చిల్లులు పొడిచి వెలుతురును వడగట్టిన పని అది.

రెండోది మేడది, కమాను. ఇక్కడ రాయి వంగదు. ముక్కలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ గాలిలో నిలబడతాయి. వాటి సందులు నింపేది డంగు సున్నం. బరువు కిందికే కాకుండా పక్కలకూ తోస్తుంది. ఆ తోపును ఆపడానికి ఇరువైపులా లావాటి గోడలు కావాలి. 1591లో చార్మినార్ నాలుగు వైపులా అంత పెద్ద నోళ్లు తెరుచుకుని నిలబడగలిగిందంటే దాని మూలల్లో ఉన్న బరువే కారణం.

ఫోటో తీసేవాళ్లకు ఇదంతా ఎందుకు? దోమకొండలో నేను తీసిన మొదటి పది ఫోటోల్లో కమాను నోరు మాత్రమే ఉంది. అంచుల్లోని పూల పనితనం బాగుందని అక్కడే ఫ్రేము బిగించాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ కాగితం కత్తిరించి అతికించినట్టున్నాయి. కమానును మోసే భుజాలను నేనే కోసేశాను. అవ్వ చెప్పిన గడప మాట అక్కడ మళ్లీ గుర్తొచ్చింది. మరోసారి వెళ్లి, పదడుగులు వెనక్కి జరిగి, ఇరుపక్కల గోడ కూడా వచ్చేలా తీశాను. అప్పుడు కమాను నిలబడింది.

ఇలా చేసి నేర్చుకున్నవి ఇంకొన్ని ఉన్నాయి. తలుపు ఎత్తులో సగానికి కెమెరా ఉండాలి, గోడకు సమాంతరంగా. తల పైకెత్తి తీస్తే నిలువు గీతలు పైన దగ్గరపడి ద్వారం వెనక్కి వాలిపోతుంది. ఫోనులో మరీ వెడల్పు చూపించే లెన్సు వాడొద్దు. కాళ్లతో వెనక్కి జరగండి, తెర మీద అడ్డం-నిలువు గీతలు పెట్టుకోండి. చెక్కడం పని తీయాలంటే ఎండ పక్కనుంచి పడాలి. సూర్యోదయం తర్వాత తొలి గంట, అస్తమయానికి ముందు గంట. ఎండ నేరుగా ఎదురుగా పడితే చిలకల రెక్కలు చదునైపోతాయి. జాలకాలకు మాత్రం మబ్బు పట్టిన రోజే మేలు. కమాను లోంచి బయటికి తీసేటప్పుడు లోపలి చీకటికీ బయటి వెలుగుకూ ఒకేసారి న్యాయం జరగదు. వెలుగున్న చోట తెరను తాకి, కాస్త తగ్గించండి. చీకటి చీకటిగానే ఉండనివ్వండి. పాత ఇళ్ల చల్లదనం ఆ చీకటిలోనే ఉంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫోటో మెరవాలని తలుపుకు నూనె రాయడం, శిల్పం మీద నీళ్లు చల్లడం, చెక్కడంలో సుద్ద నింపడం చూశాను. దయచేసి ఆ పనులు చేయకండి. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. ఇళ్ల దగ్గర మనిషిని అడగాలి. తలుపు వాళ్లది.

చిన్న తలుపు

కోట ద్వారం ముందు నిలబడితే అందరి కళ్లూ పెద్ద రెక్కల మీదికి, ఏనుగు కుంభస్థలం ఎత్తున దిగేసిన ఇనుప మేకుల మీదికి పోతాయి. నేను వెతికేది దిడ్డి. పెద్ద తలుపులోనో పక్కనో మనిషి వంగి దూరేంత చిన్న తలుపు. రోజువారీ జీవితం నడిచింది దాని గుండానే. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించినా గోల్కొండ లొంగలేదు. చివరికి లోపలి మనిషి ఒకడు రాత్రివేళ తీసిపెట్టిన అలాంటి తలుపులోంచే మొఘలులు చొరబడ్డారు.

ఇందూరు, అంటే నిజామాబాద్, ఖిల్లాలో ఇంకో రకం తలుపు ఉంది. నిజాం కాలంలో ఆ కోటను జైలు చేశారు. నిజాంను ఎదిరించిన కవి దాశరథి కృష్ణమాచార్యులను, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామిని అక్కడే బంధించారు. దాశరథి బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాసిన చోటు అది. జైలు గది వాకిలిని బయటి నుంచి తీసిన ఫోటో ఎవరైనా తీయగలరు. లోపలికి వెళ్లి, ఆయన చూసిన వైపు నుంచి, ఊచల మధ్య ముక్కలైన ఆకాశాన్ని తీయండి. తలుపుకు రెండు వైపులుంటాయని అక్కడ తెలుస్తుంది.

జక్రాన్‌పల్లికి దగ్గరలోనే డిచ్‌పల్లి ఖిల్లా రామాలయం ఉంది. ఇందూరు ఖజురహో అని పేరు. వచ్చినవాళ్లంతా గోడల మీది శిల్పాలను తీసుకుని దిగిపోతారు. గుట్ట మీద గుడి లోపల నిలబడి, వాకిలిని చట్రంగా చేసుకుని, కింద పరుచుకున్న పొలాలను ఒకసారి తీసి చూడండి.

అమ్ముడుపోయే దర్వాజలు

కోటలకు యునెస్కో ఉంది, పురావస్తు శాఖ ఉంది. ఊళ్లోని దర్వాజకు ఎవరున్నారు?

అవ్వ వాళ్ల భవంతికి మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాను. ఇల్లు లేదు. ఆ జాగాలో స్లాబు ఇల్లు, గేటుకు స్టీలు పైపులు. అవ్వ పోయిందన్నారు. దర్వాజ సంగతి అడిగితే, కూలగొట్టే రోజే ఎవరో వచ్చి బేరమాడి ట్రాలీలో వేసుకుపోయారని చెప్పారు. పాత టేకును కొనేవాళ్లు ఊళ్ల మీద తిరుగుతూనే ఉంటారు. ఏ రిసార్టు గోడకో, ఏ హోటలు బల్లకో మా జక్రాన్‌పల్లి చిలకలు ఇప్పుడు అతుక్కుని ఉంటాయి. వాటి కింద ఊరి పేరు ఉండదు. చెక్కిన వడ్లాయన పేరు అసలే ఉండదు.

ఇల్లు కూల్చినవాళ్లను నేను తప్పుపట్టను. మట్టిగోడ ప్రతి వానాకాలం పని పెడుతుంది, గూనపెంకులు నేసేవాళ్లు దొరకరు, పిల్లలకు పక్కా ఇల్లు కావాలి. కానీ అమ్మేముందు ఒక్క గంట ఆగి ఉంటే ఆ ఇంటి జ్ఞాపకం మిగిలేది. నా దగ్గరున్న రెండు ఫోటోలను ఆ ఇంటి పెద్దకొడుక్కి పంపాను. గడప తెగిన ఫోటో గురించి ఆయన ఏమీ అనలేదు. రెండోదాన్ని మాత్రం పెద్దది చేయించి హాల్లో పెట్టుకున్నారు. గడప మీద తన తల్లి రాసిన పసుపు అందులో తడిగా మెరుస్తోంది.

మీ ఊళ్లోనూ ఇలాంటి ఇల్లు ఒకటైనా మిగిలే ఉంటుంది. ఈ ఆదివారం ఫోను పట్టుకుని వెళ్లండి. ఇంటివాళ్లను అడిగి నాలుగు ఫోటోలు తీయండి: ఎదురుగా నిలబడి దర్వాజ మొత్తం, దగ్గరగా చెక్కడం, గొళ్లెమూ బేడమూ, చివరగా లోపలి నుంచి వీధి. ఊరి పేరు, తేదీ, ఇల్లు ఏ తరంలో కట్టారో రాసిపెట్టండి. వడ్లాయన పేరు ఎవరికైనా గుర్తుంటే తప్పకుండా రాయండి. ఒక కాపీ ఆ ఇంటివాళ్లకు ఇవ్వండి. గడప తెగకుండా చూసుకోండి.