ఆఖరి బస్సు... మొదటి కథ

ముప్ఫై ఒక్కేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారాయన. ‘నా జీవితం రాస్తే పెద్ద నవలే అవుతుంది మాష్టారూ’ అంటూ మొదటిరోజే రెండొందల పేజీల నోటుబుక్కు పట్టుకొచ్చారు. మాష్టారు దాన్ని అటూ ఇటూ తిరగేసి, ‘నవల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్క ట్రిప్పు రాయండి, చాలు’ అన్నారు.

విజయవాడలో ఓ పాత గ్రంథాలయం మేడమీద గది. ఆదివారం పొద్దున పదింటికి అక్కడ కథలు రాయడం నేర్చుకునేవాళ్లు చేరతారు. మొత్తం పదకొండు మంది. ఇంట్లోనే బట్టలు కుట్టే ఆవిడ, డిగ్రీ చదివే కుర్రాడు, పిల్లలిద్దరినీ హాస్టల్లో చేర్చాక పగలంతా ఏం చేయాలో తోచని గృహిణి, మన కండక్టరుగారు... ఇలా ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి, ఆపితే చెమటలు. పాఠం చెప్పేది రిటైరైన తెలుగు లెక్చరరు.

మొదటి వారమే ఆయన ఓ షరతు పెట్టారు. బాధ, ప్రేమ, మానవత్వం... రెండు నెలలపాటు ఈ మూడు మాటలూ ఎవరూ రాయకూడదు! డిగ్రీ కుర్రాడు అప్పటికే అమ్మ ప్రేమ గురించి ఒకటిన్నర పేజీ రాసుకొచ్చాడు. ‘అదంతా సరే, పొద్దున్న అయిదింటికి మీ అమ్మ ఏం చేస్తుందో రాయి’ అన్నారు మాష్టారు. మరుసటివారం ఎనిమిది వాక్యాలు తెచ్చాడు. పరీక్షలప్పుడు వాడి నిద్ర చెడుతుందని వాళ్లమ్మ వంటింట్లో లైటు వేయదట. సెల్‌ఫోను వెలుతురులో పొయ్యి వెలిగించి, గిన్నెమీద మూత చప్పుడు కాకుండా కొంగుతో పట్టుకుని తీస్తుందట. అది చదువుతుంటే గృహిణి కళ్లు తుడుచుకున్నారు. ప్రేమ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

తలుపు దగ్గరే మొదలు

కథ ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తవాళ్లంతా తడబడేది ఇక్కడే. ఊరు, వంశం, సూర్యోదయం... ఇవన్నీ అయ్యాకగానీ మనిషి కనిపించడు. దీనికి మాష్టారు చూపించే ఉదాహరణ 1910లో అచ్చయిన గురజాడ ‘దిద్దుబాటు’. రాత్రి ఒంటిగంటకి ఇంటికొచ్చిన భర్త తలుపు తీయమని పిలవడంతోనే కథ మొదలవుతుంది. ఆయన ఎవరు, ఎక్కడినుంచి వచ్చాడు, ఆ ఇల్లాలు ఏమైంది అన్నవి పాఠకుడికి ఆ తర్వాతే ఒక్కొక్కటిగా తెలుస్తాయి. నూరేళ్లు దాటినా ఆ మొదలు పాతబడలేదు.

రాయడం ఒకరు నేర్పితే వచ్చేదేనా అన్న విసురు ఈ క్లాసుకీ తప్పలేదు. ఆ మాటకొస్తే, నేర్పాలని మన పెద్దలే తాపత్రయపడ్డారు. మదనపల్లెకు చెందిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య కథ ఎలా తయారవుతుందో విప్పిచెబుతూ ‘కథాశిల్పం’ రాశారు. ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. బడిలో లెక్కలు చెప్పిన కాళీపట్నం రామారావు మాస్టారైతే కొత్తగా రాసేవాళ్ల కోసమే ‘కథాకథనం’ అందించారు. శ్రీకాకుళంలో 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే పనికి పూనుకున్నదీ ఆయనే. అంతటాయన కూడా తన కథలు తనకే నచ్చక కొన్నేళ్లు రాయడం మానేశారని చెబితే, క్లాసులో సగంమంది ఊపిరి పీల్చుకున్నారు!

‘చెప్పులున్నాయా బాబాయిగారూ?’

కండక్టరుగారు నాలుగో వారానికి ట్రిప్పు రాసుకొచ్చారు. ఎనభైల్లో సంగతి. నూజివీడు నుంచి ఆఖరి బస్సు. టికెట్టుకు డబ్బుల్లేని ఓ తల్లినీ ఆమె కొడుకునీ మధ్య స్టేజిలో దింపేశారు. ఆయన రాసిన ఆరు పేజీల్లో అయిదు నిబంధనల గురించే. టికెట్టు లేని మనిషి బండిలో దొరికితే కేసు ప్రయాణికుడితో పోదు, కండక్టరు మెడకీ చుట్టుకుంటుంది. అంతకు ముందువారమే చెకింగ్‌వాళ్లు ఆయన మీద ఒక కేసు రాశారు. ఇంకోటి పడితే సస్పెన్షన్. ఇంట్లో చూస్తే మూడునెలల పసిపిల్ల. ఇవన్నీ వివరంగా ఉన్నాయి. తల్లీకొడుకులకు దక్కింది రెండే రెండు వాక్యాలు.

చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. బట్టలు కుట్టే ఆవిడ మెల్లగా అడిగారు. ‘బాబాయిగారూ, ఆ పిల్లాడి కాళ్లకు చెప్పులున్నాయా?’

‘చీకటమ్మా... కనిపించలేదు’ అన్నారాయన. తర్వాత రెండు ఆదివారాలు క్లాసుకి రాలేదు. ఇక రారేమో అనుకున్నారంతా. మూడో ఆదివారం అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. ‘ఉందమ్మా, ఒక కాలికే. రెండోది బస్సులో ఉండిపోయింది. డిపోలో దిగేటప్పుడు సీటుకింద కనబడింది. మర్నాడు పట్టుకెళ్లి ఆ స్టేజిలో దిగి చూశాను. ఎవరూ లేరు.’

అక్కణ్నుంచి అసలు పని మొదలైంది. నిబంధనల పేజీలన్నీ తీసేయమన్నారు మాష్టారు. కండక్టరుగారు ససేమిరా అన్నారు. ‘అవి తీసేస్తే నేను దుర్మార్గుణ్నయిపోనూ?’ చాలాసేపు వాదించుకున్నాక, మూడునెలల పిల్ల గురించిన ఒక్క వాక్యం ఉంచేట్టు రాజీ కుదిరింది. ‘నేను’ అని ఉన్నచోటల్లా ‘అతను’ అని మార్చి చూడమన్నారు. వ్యాకరణం దిద్దినంత తేలికనుకున్నారాయన. తీరా కూర్చుంటే, ఆ ఒక్క మార్పుకి వారం పట్టింది. తన తరఫున తాను చెప్పుకున్నవేవీ ‘అతను’ నోట నిలబడలేదట. అదే సమయంలో, ఇన్నాళ్లూ గుర్తురాని ఆ తల్లి మాట ఒకటి గుర్తొచ్చింది. ఆమె బతిమాలలేదు. దిగాక పిల్లాడితో ‘పద’ అంది, అంతే.

మూడో ప్రతిని ఇంట్లో చదివి వినిపించారు. ఆయన భార్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. పెళ్లయి నలభై ఏళ్లు దాటినా ఈ సంగతి ఆవిడకు తెలియదు.

‘ఇంతకీ ఆ చెప్పు ఏం చేశారండీ?’

‘నా రేకుపెట్టెలో అడుగున ఉంచాను. చాన్నాళ్లుంది. ఆనక ఎటు పోయిందో మరి.’

ఆవిడ చేతిలో కాయ పళ్లెంలో పడేశారు. ‘అయ్యో... చిన్న చెప్పు, నీలం వారుది... అదేనా? ఎవరిదో పాతదనుకుని దీపావళి ముందు ఇల్లు దులిపినప్పుడు నేనే పారేశానండీ.’

ఇప్పుడు నాలుగో ప్రతి నడుస్తోంది. అందులో ఆ రేకుపెట్టే, ఆ దీపావళీ కూడా వచ్చి చేరాయి. మాష్టారు మాత్రం ఇంకో రెండు పేజీలు తగ్గించమంటున్నారు.