ఆయిల్ కారేది అక్కడ కాదు

ముందే చెప్పేస్తున్నా, నేను సీఎస్ఈ. మెకానికల్ వాళ్లకి ఇందులో తప్పులు కనిపిస్తే క్యాంటీన్‌లో పట్టుకుని చెప్పండి, దిద్దుకుంటాను. చదువంతా ఇంగ్లిష్ మీడియంలోనే అయినా, ఇంజన్ గురించి నాకు చెప్పినవాళ్లంతా తెలుగులోనే చెప్పారు. అందుకని ఇది ఇంగ్లిష్‌లో రాయడమే నాకు కష్టం.

మా మావయ్య వాళ్లది కొండవీడు. ఆయన దగ్గర 1997 మోడల్ మారుతి 800 ఉంది. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ బండి. 1983లో మొదలైన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా మా ఇంట్లో దానికి రిటైర్మెంట్ లేదు. అమ్మమ్మకి వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలిసిస్, ఆమెని తీసుకెళ్లేది ఈ బండే.

పోయిన వేసవిలో చుట్టాలని ఎక్కించుకుని కోటకి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రేడియేటర్ పైపు పగిలింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటినా మావయ్య ఆపలేదు, "పైన చెట్టు నీడలో ఆపుదాంలే" అన్నాడు. ఆ కాసేపట్లోనే హెడ్డు వంగిపోయింది.

హెడ్డు అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం. వాల్వులు, వాటిని తెరిచే కేమ్‌షాఫ్ట్ అందులోనే ఉంటాయి. అది అల్యూమినియం, నీళ్లు లేకుండా కాగితే వంకర పోతుంది. వంకర చూడటానికి దాని మీద సరైన స్టీలు బద్ద నిలబెట్టి, సందులో ఫీలర్ గేజ్ రేకు దూరుతుందేమో చూస్తారు. ఈ ఇంజన్‌కి 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. మనం రికార్డు రాసే కాగితం మందంలో సగం అనుకోండి. మాది లేత్ షాపులో ఫేసింగ్ కొట్టినా పనికిరానంత పోయింది. మావయ్య విజయవాడ ఆటోనగర్ వెళ్లి ఒక సెకండ్‌హ్యాండ్ హెడ్డు తెచ్చాడు.

చిలకలూరిపేటలో షెడ్డు. సెలవులు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. హెడ్ గ్యాస్కెట్ వేయడం, బోల్టులు నడుమ నుంచి బయటికి విడతలవారీగా టార్క్ రెంచితో బిగించడం మేస్త్రి చేశాడు. పాత హెడ్డు మీది చిన్న చిన్న భాగాలు కొత్తదానికి మార్చే పని నాకిచ్చాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

బండి చక్కగా స్టార్టయింది. కానీ మర్నాడు పొద్దున చూస్తే కింద పరిచిన అట్టముక్క మీద అరచేయంత మరక. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట నుంచి చుక్క పడుతోంది. మేస్త్రి కింద పడుకుని చూసి, "క్రాంక్ వెనక ఆయిల్ సీల్ పోయినట్టుంది అన్నా, గేర్‌బాక్స్ దించాలి" అన్నాడు. రెండు మూడు రోజుల పని, డబ్బు కూడా గట్టిగానే. మావయ్య మాత్రం తను తెచ్చిన హెడ్డుదే తప్పని ఒకసారి, మేస్త్రి బిగింపుదే తప్పని ఒకసారి అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఎల్లుండి డయాలిసిస్. లీకుతోనే వెళ్దామంటే ఆయిల్ తగ్గి ఇంజన్ పట్టేస్తుందని భయం. వేడి సైలెన్సర్ మీద పడితే పొగ, ఇంకా ఖర్మ కాలితే మంట.

ఇక్కడ నేను చెప్పాలనుకున్న అసలు విషయం. ఆయిల్ కిందకి కారుతుంది, బండి పరిగెడితే గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క పడేచోటు చూసి లీకు చెప్పలేం. తడి అన్నిటికంటే ఎత్తున ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. మా కోట మీది చెరువులు కూడా ఒకదానికొకటి కలిసే ఉంటాయి, పైది నిండితే నీళ్లు కిందిదానిలోకి వస్తాయి. కింది చెరువు గట్టు మీద నిలబడి నీళ్లు ఇక్కడే పుట్టాయంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ముందు వాసన చూశాం. గేర్ ఆయిల్‌కి గంధకం ఘాటు ఉంటుంది, దీనికి లేదు. అంటే ఇంజన్ ఆయిలే. రేడియేటర్ మూత తీస్తే నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ టీ రంగుకి తిరగలేదు. అంటే గ్యాస్కెట్ లోపల ఆయిలూ నీళ్లూ కలవడం లేదు. తర్వాత చల్లటి ఇంజన్‌ని కిరోసిన్, బ్రష్షుతో కడిగి, బనియన్ వేస్టుతో తుడిచి పూర్తిగా ఆరబెట్టాం. అప్పుడు అమ్మమ్మ పౌడర్ డబ్బా తెచ్చి హెడ్డు చుట్టూ, గేర్‌బాక్స్ వైపు చల్లాను. మేస్త్రి నవ్వాడు కానీ ఆపలేదు. ఇంజన్ పావుగంట నడిపి టార్చి వేశాం.

కింద సీల్ దగ్గర పౌడర్ దాకా ఇంకా ఏమీ చేరలేదు. పైన, కేమ్‌షాఫ్ట్ చివర డిస్ట్రిబ్యూటర్ కేసు హెడ్డుకి అతుక్కునే చోట తెల్లటి పౌడర్ మధ్య సన్నటి నల్లగీత. అక్కడి నుంచి తిన్నగా గేర్‌బాక్స్ మీదికి దారి.

ఆ కేసుని పాత హెడ్డు నుంచి మార్చింది నేనే. దాని గాడిలో ఒక రబ్బరు రింగు ఉంటుంది, ఓ-రింగ్. బాగానే కనిపిస్తోందని పాతదే పెట్టేశాను. కొత్తది నలభై రూపాయలు.

ఓ-రింగ్ పనిచేసేది దాని స్ప్రింగు గుణం వల్ల. గుండ్రంగా ఉన్నది నొక్కుకుని, తిరిగి గుండ్రం అవ్వాలని చూస్తూ సందుని మూస్తుంది. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి చదునైపోతే, పాత చోట కదలకుండా ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొస్తుంది. ఒకసారి ఊడదీసి కొత్త హెడ్డుకి పెడితే ఇంక దాన్ని అంటిపెట్టుకోదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ కూలిపోయింది కూడా ఓ-రింగ్ వల్లే. అక్కడ చలికి రబ్బరు ఆ గుణం పోగొట్టుకుంది, ఇక్కడ వేడికి.

మేస్త్రికి చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. చెప్పాను. ఆయన తిట్టలేదు. "నేను చూసుకోవాల్సింది బాబూ" అని మావయ్య వంక చూశాడు. మావయ్య టీ చెప్పడానికి బయటికెళ్లాడు.

ఆ కేసు తీసేముందు ఒక జాగ్రత్త. లోపలి గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కనుక డిస్ట్రిబ్యూటర్ లాగేటప్పుడు రోటర్ కొంచెం తిరుగుతుంది. వైట్‌నర్‌తో ముందే గుర్తులు పెట్టుకోకపోతే టైమింగ్ తప్పుతుంది. గాడి తుడిచి, కొత్త రింగుకి ఆయిల్ రాసి, మెలిక పడకుండా కూర్చోబెట్టాం. పైన అనాబాండ్ కూడా పూద్దామన్నాను. వద్దన్నాడు మేస్త్రి. లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి ఆయిల్ జల్లెడకి అడ్డం పడతాయట.

మళ్లీ పౌడర్ చల్లి కొండవీడు దాకా వచ్చాం. పొద్దున అట్టముక్క పొడిగా ఉంది. డయాలిసిస్‌కి టైముకే వెళ్లాం, దారిలో రెండుచోట్ల ఆపి డిప్‌స్టిక్ చూశాను. "ఎందుకురా మాటిమాటికీ దిగుతావు" అని అమ్మమ్మ విసుక్కుంది. ఆమె పౌడర్ డబ్బా సగం అయిపోయిన సంగతి ఇంకా చెప్పలేదు. ట్యాపెట్ కవర్ ఒక మూల మాత్రం కొద్దిగా చెమ్మ కనిపిస్తోంది. ఇంకా గట్టిగా బిగిస్తే ప్యాకింగ్ నలిగి లీకు పెరుగుతుందట, అందుకని కొత్త ప్యాకింగ్ తెచ్చి పెట్టాం. సంక్రాంతి సెలవుల్లో వేస్తాను.