ముసలి కారుకు కొత్త గొట్టం

మీ వీధిలో ఎవరైనా తాతగారి నాటి అంబాసిడర్ కారును దాచుకున్నారా? 2014లో తయారీ ఆగినా, ముచ్చటపడి నడిపేవారు ఇంకా ఉన్నారు. కాని బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పుమంటే వెంటనే మెకానిక్కును పిలవమనండి!

ట్యాంకు వెనుక, ఇంజను ముందు. పెట్రోలు ఇనుప గొట్టంలో వస్తుంది. ఇంజను అదురుతుంది కదా, ఇనుమును నేరుగా బిగిస్తే పగులుతుంది. అందుకే చివర కొంచెం రబ్బరు గొట్టం పెడతారు. చిక్కంతా అక్కడే.

రబ్బరు అంటే పొడవాటి అణువుల గొలుసులు. వాటిని గంధకపు వంతెనలు పట్టి ఉంచుతాయి. అందువల్ల మామూలు రబ్బరు పెట్రోలులో కరగదు గాని, ఉబ్బుతుంది. ఈ ఇబ్బంది తగ్గించడానికే నైట్రైల్ రబ్బరు వచ్చింది. అయితే ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత నైట్రైల్‌లోకీ దూరి, మెత్తదనం కోసం కలిపిన పదార్థాలను లాగేస్తుంది. కారు నెలల తరబడి కదలకపోతే గొట్టం ఎండి బీటలు వారుతుంది. పక్కనే వేడి ఇంజను! పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకోగలదు.

మరి మందేమిటి? లోపొర ఫ్లోరిన్ రబ్బరుతో చేసిన గొట్టం. దానితోపాటు క్లిప్పులూ మార్చాలి. పాత క్లిప్పుల అంచులు కొత్త గొట్టాన్ని కోసేస్తాయి. ఇంజను చల్లారాక, బ్యాటరీ తీగ ఊడదీశాకే పని మొదలు. ఇది మెకానిక్కు పని, మీది కాదు.

మీకు మరొకటుంది. బడి ప్రయోగశాలలో, మాస్టారి ఎదుట, రబ్బరు బ్యాండు ముక్క పొడవు కొలిచి కిరసనాయిలులో వేయండి. మర్నాడు తీసి మళ్లీ కొలవండి.