ఉద్దానం ఇసుకలో సరుగుడు – ఫ్రాంకియా సహజీవనం

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. తిరిగి నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. సరుగుడు నాలుగైదేళ్లలోనే కోతకు వస్తుంది. సముద్రపు గాలినీ అడ్డుకొంటుంది. అయితే టెక్కలి దిగువన భావనపాడు మొదలు కవిటి వరకు పరచుకొన్న తీరపు ఇసుకలో నత్రజని నిలవదు. అటువంటి నేలలో సరుగుడు నిలదొక్కుకోవడానికి ప్రధాన కారణం దాని వేళ్లలో నివసించే ఫ్రాంకియా అనే ఆక్టినోబాక్టీరియా.

సరుగుడు పప్పుజాతి మొక్క కాదు. ఫ్రాంకియా పోగులు వేరురోమాల ద్వారా లోనికి ప్రవేశించి బుడిపెలు ఏర్పడేటట్లు చేస్తాయి. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి చెట్టుకు అందించి, ప్రతిగా కర్బన పదార్థాలను పొందుతాయి. ఈ పని చేసే ఎంజైము ఆక్సిజన్ తగిలితే దెబ్బతింటుంది. ఇతర ఆతిథేయ మొక్కల్లో చాలావరకు ఫ్రాంకియాయే మందపాటి గోడల కోశికలను నిర్మించుకొని రక్షణ పొందుతుంది. సరుగుడులో ఆ భారం చెట్టుదే: బుడిపెలోని కణకవచాలు గట్టిపడి ఆక్సిజన్ ప్రవేశాన్ని తగ్గిస్తాయి.

సముద్రపు స్పంజికల్లోనూ ఇటువంటి భాగస్వామ్యమే కనిపిస్తుంది. కొన్ని జాతుల శరీర ద్రవ్యరాశిలో మూడోవంతుకు పైగా సూక్ష్మజీవులే. థియోనెల్లా స్విన్హోయి స్పంజికలో లభించే జీవక్రియాశీల పదార్థాల్లో అధికభాగాన్ని తయారుచేసేది ఎంటోథియోనెల్లా బాక్టీరియా అని 2014లో తేలింది. ప్రయోగశాలలో పెరగని ఆ జీవిని జన్యుక్రమం ద్వారానే గుర్తించవలసి వచ్చింది. ఫ్రాంకియా కూడా చిరకాలం అలాగే మొండికేసింది. 1978లో అమెరికాలో స్వీట్‌ఫెర్న్ బుడిపెల నుండి దానిని తొలిసారి వేరుచేసి పెంచగలిగారు. ఇప్పటికీ అది ఎదగడానికి వారాలు పడుతుంది.

జీవన ఎరువుగా దీని విలువ ఇక్కడే ఉంది. సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియాలకు చెందిన చెట్టు కనుక మునుపెన్నడూ అది పెరగని ఇసుకలో తగిన ఫ్రాంకియా ఉంటుందన్న భరోసా లేదు. పాత తోటల మట్టిని, నూరిన బుడిపెలను నారుమడిలో కలపడం సులువైన పద్ధతే. కానీ వాటితోపాటు ఎండు తెగులు శిలీంధ్రాలు, నులిపురుగులు రావచ్చు. శుద్ధ వర్ధనానికి ఆ ప్రమాదం లేదు. యూరియా అధికంగా వేసిన మడిలో బుడిపెలు ఏర్పడవన్న సంగతిని తరచుగా విస్మరిస్తారు. కొబ్బరి పొట్టులో, వర్మిక్యులైట్‌లో వేళ్లూనించిన క్లోనల్ మొక్కలకు ఫ్రాంకియా సోకే అవకాశమే తక్కువ. వాటిని పొలానికి పంపే ముందు కొన్ని మొక్కల వేళ్లు కడిగి బుడిపెలు ఉన్నదీ లేనిదీ చూడాలి.