మాటకు స్వేచ్ఛ, మతమునకు గౌరవము

మనుష్యుడు తాను సత్యమని నమ్మినదానిని నిర్భయముగా పలుకగలుగుట వాక్స్వాతంత్ర్యము. పొరుగువారు పవిత్రమని కొలుచుదానిని కించపఱుపకుండుట పరమత గౌరవము. ఈ రెండును ఒక ఒరలో ఇమడని కత్తులని కొందఱు తలంతురు. అది సరికాదని నల్లగొండ, మహబూబ్‌నగరు సీమల చరిత్ర చెప్పుచున్నది.

నిజాము పాలనలో ప్రజలు సభ జరుపుకొనవలెనన్నను ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసియుండెను. ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అను 53వ నంబరు ఉత్తరువు ఇందులకు ప్రసిద్ధము. అట్టి కాలమున, 1922లో, షబ్నవీసు వేంకటరామ నరసింహారావు నల్లగొండనుండి ‘నీలగిరి’ పత్రికను వెలువరించెను. 1926లో మహబూబ్‌నగరు సీమవాడైన సురవరము ప్రతాపరెడ్డి సంపాదకత్వమున హైదరాబాదులో ‘గోలకొండ’ పత్రిక పుట్టెను. సంపాదకీయములకు ముందుగా అనుమతి గైకొనవలెనని ప్రభుత్వము నిర్బంధించినపుడు ఆయన ఆ స్థలమున లోకప్రసిద్ధులైన మేధావుల సూక్తులను ప్రకటించెను. చెప్పవలసిన మాటను ఆ సూక్తులే చెప్పెను. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగెను. మాతృభాషలో చదువు, గ్రంథాలయములు, వెట్టిచాకిరి నిర్మూలనము ఆ ఉద్యమపు కోరికలు. ఇవి ఏ మతమునకును విరుద్ధములు కావు. పాలనలోని దోషమును ఎత్తిచూపుట వేఱు, పాలకుని మతమును నిందించుట వేఱు.

ఈ భేదము పల్లెప్రజలకు క్రొత్తది కాదు. ఈ సీమలోని ఊళ్లలో పీర్ల పండుగను హిందువులును ముస్లిములును కలిసి జరుపుకొందురు. గుండము చుట్టు అందఱును ఆడుదురు. పీరు నెత్తువారిలో రైతులును ఉందురు. జహంగీరు పీరు దర్గాకు, జాన్‌పహాడు దర్గాకు ఉభయ మతములవారును మ్రొక్కుబడులు చెల్లింతురు. ఇంతకును పీర్ల పండుగ ఎవరి స్మృతికై యేర్పడినది? ముహమ్మదు ప్రవక్త దౌహిత్రుడైన ఇమాము హుస్సేను, యజీదు అను పాలకునకు విధేయత తెలుప నిరాకరించి, క్రీ.శ. 680లో కర్బలా మైదానమున ప్రాణము లర్పించెను. అధికారమునకు వెఱచి మనస్సాక్షిని విడువరాదనుటయే ఆ కథయందలి సారము. కావున నిర్భయత్వము ఇస్లామునకు పరాయిది కాదు.

దీనికి మన కాలమునకు సమీపమైన నిదర్శనము షోయబుల్లాఖాన్. ఆయన ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడు, ముస్లిము, ముప్పదేండ్లు నిండని యువకుడు. హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరవలెనని ఆయన వ్రాసెను; రజాకార్ల దౌర్జన్యములను ఖండించెను. రజాకార్లు తమ అధికారమునే మతరక్షణమని చాటుకొనిరి. అందుచే ఆ అధికారమును విమర్శించినవాడు వారికి ద్రోహిగా తోచెను. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి ఇల్లు చేరుచుండగా ఆయనపై దాడిచేసి, కలము పట్టిన చేతిని నఱికిరి. తెల్లవాఱునప్పటికి ఆయన మరణించెను.

సెప్టెంబరు 17వ తేదీన నిజాము లొంగిపోయెను. అంతట అదే పొరపాటు రెండవవైపునుండి జరిగెను. రజాకార్ల నేరమును వారి మతమునకు అంటగట్టి, ఏ పాపము నెఱుగని ముస్లిములను పెక్కుచోట్ల హింసించిరి. పండిత సుందరలాల్ నాయకత్వమున ప్రభుత్వము పంపిన సంఘము విచారించి, బాధపడిన జిల్లాలలో నల్లగొండను కూడ పేర్కొనెను. అధికారమును మతమని భ్రమించినందున ఒక సత్యవాది బలియయ్యెను. మతమును అధికారమని భ్రమించినందున అమాయకులు బలియైరి.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఈ రెండు విలువలను కాపాడుచున్నది. 19వ అధికరణము వాక్స్వాతంత్ర్యమును, 25వ అధికరణము మతస్వాతంత్ర్యమును ప్రసాదించినవి. ప్రజాశాంతి మొదలగు కారణములచే మాటకు సమంజసమైన హద్దులు విధింపవచ్చునని కూడ రాజ్యాంగము చెప్పుచున్నది. ద్వేషబుద్ధితో, బుద్ధిపూర్వకముగా మతవిశ్వాసములను అవమానించుట నేరమని 1927లోనే శిక్షాస్మృతిలో 295-ఎ విభాగము చేర్పబడెను. 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో ఇది 299వ విభాగము. ఇట్టి దుర్బుద్ధి లేక పొరపాటున దొరలిన మాట ఈ నేరము క్రిందికి రాదని సుప్రీముకోర్టు 1957లో వివరించెను.

చట్టము హద్దు గీయగలదు గాని సంస్కారము నేర్పజాలదు. ప్రవక్త రూపమును చిత్రించుట తగదని ముస్లిములలో పెక్కుమంది విశ్వాసము. ఖురానును వారు శుచిగా మాత్రమే తాకుదురు. అది తెలిసియు వేడుకకై వారి మనస్సు నొప్పించుట ధైర్యము కాదు. అట్లే, మతగౌరవమను నెపమున ప్రశ్నించువాని నోరు మూయుటయు ధర్మము కాదు. ఎవడేని హద్దు మీఱినచో మాటకు మాటతో సమాధానము చెప్పవలెను. అంతకు మించినచో న్యాయస్థానమున్నది. కత్తి ఏనాడును సమాధానము కానేరదు.

పలుకుటకు ముందు ప్రతివాడును తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: “నేను అన్యాయమును వ్రేలెత్తి చూపుచున్నానా, లేక పొరుగువాని హృదయమును గాయపఱుచుచున్నానా?” మొదటిదైనచో వెఱవక పలుకవలెను. రెండవదైనచో మౌనమే మేలు.