మీకు తెలుసా? కనిపించని అక్షరం ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది!

● 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 నుంచి కోడ్‌లో పేర్లను తెలుగులోనూ పెట్టుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లా గుళ్ల వివరాలు రాసుకునే ప్రోగ్రామ్‌లో ‘శ్రీకూర్మం = 1’ అని రాస్తే పైథాన్ చక్కగా ఒప్పుకుంటుంది.

● అదే ‘బస్‌స్టాండ్ = 1’ అని రాస్తే ఒప్పుకోదు! స్, స్టా కలిసిపోకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని యూనికోడ్ అక్షరం (యు+200సి) ఉంటుంది. పైథాన్ పేర్లలో దానికి చోటు లేదు. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఉంది.

● తెలుగు అంకెలదీ ఇదే చిక్కు. కోడ్‌లో విలువగా ౧౬ అని నేరుగా రాస్తే తప్పు. కొటేషన్లలో పెట్టి ‘ఇంట్’ ఫంక్షన్‌కు ఇస్తే మాత్రం 16 అని సరిగ్గా చదువుతుంది.

● ఒక్క చోట ఇలాంటి తప్పున్నా ఆ ఫైలు మొత్తం పార్స్ కాదు. అంటే అందులో ఒక్క వరుస కూడా నడవదు.

● వందల ఫైళ్లున్నా ఒక్కొక్కటీ తెరిచి వెతకనక్కర్లేదు. పైథాన్‌తో పాటే వచ్చే ‘కంపైల్ఆల్’ మాడ్యూల్‌కు ఫోల్డరు పేరు ఇస్తే చాలు. లోపలి ఫోల్డర్లతో సహా అన్నీ తిరిగి, ప్రోగ్రామ్‌ను నడపకుండానే ఫైళ్లను పరీక్షిస్తుంది. ఒక ఫైలులో తప్పు దొరికినా ఆగిపోదు. ఫైలు పేరు, వరుస సంఖ్య చూపించి తర్వాతి ఫైలుకు వెళ్తుంది.

తెలుగులో కోడ్ రాసే విద్యార్థులూ, పని ఎవరికైనా అప్పగించే ముందు ఈ పరీక్ష ఒక్కసారి తప్పక చేయండి.