పాత చందమామ ఎందుకు పెళుసవుతుంది?

పాత పత్రికలు పోగుచేసేవారికి ఒక వింత సంగతి అనుభవంలో ఉంటుంది. రెండు వందల ఏళ్ళనాటి చేతికాగితపు దస్తావేజు ఇప్పటికీ మెత్తగా మడత పడుతుంది. అరవై ఏళ్ళనాటి డిటెక్టివు నవల మాత్రం పేజీ తిప్పబోతే అంచు విరిగి చేతిలోకి వస్తుంది. వయస్సులో చిన్నది ముందే ముసలిదవుతున్నదన్నమాట! దీనికి చదివినవారి అజాగ్రత్త ఒక్కటే కారణం కాదు. అసలు కారణం కాగితం పుట్టుకలోనే ఉన్నది. అది తెలిసినవారు తమ ఇంట ఉన్న పాత సంచికల ఆయుర్దాయాన్ని పెద్దగా ఖర్చు లేకుండానే పెంచవచ్చు.

చౌకగా పుట్టి, అరుదుగా మిగిలినవి

తెలుగులో పిల్లల పత్రికలకు 1940 తరువాత మంచి రోజులు వచ్చాయి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లో వెలువడింది. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల ‘చందమామ’ 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషలలో ఆరంభమైంది. పెద్దల కాలక్షేపానికి రైళ్ళలో అమ్ముడుపోయే కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి చిన్న నవలలు ఉండేవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్ కోసం అద్దె పుస్తకాల షాపుల్లో పోటీపడేవారు. ఇవన్నీ సామాన్యుడు కొనగల ధరకు రావాలంటే కాగితం చౌకగా ఉండక తప్పదు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడి చౌక కథల పత్రికలకు ‘పల్ప్’ అనే పేరే కట్టె గుజ్జుతో చేసిన కాగితాన్నిబట్టి వచ్చింది. సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన బొమ్మల పత్రిక 1938లో వెలువడింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో చిత్తుకాగితాల సేకరణ ఉద్యమాల్లో అటువంటివి లెక్కకు మించి గుజ్జుగా మారిపోయాయి. మన వద్ద ఆ పని చిల్లర దుకాణాలు చేశాయి. చదివేసిన పత్రిక పాతకాగితాల వర్తకుడి తక్కెడకెక్కి, అక్కడి నుంచి జీలకర్ర పొట్లమయ్యేది. ఎవరూ దాచదగినదిగా భావించకపోవడం వల్లనే ఈనాడు అది అరుదైనది. పొట్లం కాకుండా తప్పించుకున్న ప్రతిని మాత్రం మరొక శత్రువు లోపలినుంచే తినివేస్తున్నది.

ప్రత్తికీ కట్టెకూ భేదం

చిలకలూరిపేట వంటి ప్రత్తి సీమలో నివసించేవారికి ఈ విషయం బోధపడటం సులభం. జిన్నింగు మిల్లులో గింజ తీసిన దూదిలో నూటికి తొంబై పాళ్ళకు మించి సెల్యులోజు అనే పదార్థమే ఉంటుంది. వేలకొలది గ్లూకోజు భాగాలు గొలుసు కడియాలవలె కలిసి సెల్యులోజు అణువు ఏర్పడుతుంది. పూర్వం కాగితాన్ని పాత నూలుగుడ్డ పేలికలు, నార మొదలైనవాటితో చేసేవారు. గొలుసులు పొడవైనవి, మలినాలు తక్కువ. కనుక ఆ కాగితం శతాబ్దాలు నిలిచింది.

అదే చేలో, దూది తీసుకున్నాక పొయ్యిలోకి పోయే ప్రత్తికట్టె సంగతి వేరు. అది నిటారుగా, గట్టిగా నిలబడటానికి సెల్యులోజు పోగులను అంటిపెట్టి ఉంచే బంధకం కావాలి. దాని పేరు లిగ్నిన్. ఇటుకల మధ్య సున్నమెట్లో పోగుల మధ్య లిగ్నిన్ అట్లా. కలపలో సుమారు 20 నుంచి 30 శాతం వరకు ఇది ఉంటుంది.

1844 ప్రాంతంలో జర్మనీలో కెల్లర్ అనే అతడు కలపను తిరుగుడు రాతిమీద అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. పేలికల కొరత తీరింది, కాగితం చౌక అయింది. అయితే అరగదీసిన గుజ్జులో లిగ్నిన్ తొలగిపోదు. రసాయనాలతో ఉడికించి దానిని తీసివేస్తే మంచి కాగితం వస్తుంది గాని, గుజ్జు తగ్గి ధర పెరుగుతుంది. అందువల్ల వార్తాపత్రికల కాగితానికి అరగదీసిన గుజ్జునే ఎక్కువగా వాడుతూ వచ్చారు. మన దేశంలో 1956లో ప్రధాని నెహ్రూ ప్రారంభించిన నేపానగర్ మిల్లు, సలై అనే అందుగు జాతి కర్రతోను, వెదురుతోను ఇటువంటి కాగితాన్ని తయారుచేసింది.

పసుపు వేరు, పెళుసు వేరు

పాత కాగితం పసుపుపచ్చనవడం, పెళుసవడం ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఈ రెండూ తోడుగా వచ్చినా వేరు వేరు చర్యలు.

పసుపు రంగు ముఖ్యంగా లిగ్నిన్ పని. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆమ్లజని కలిసి లిగ్నిన్‌ను మార్చి, దానినుంచి రంగుగల పదార్థాలను పుట్టిస్తాయి. ఎండలో ఉంచిన దినపత్రిక కొద్ది రోజుల్లోనే రంగు మారడానికి కారణమిదే. చూపుకు బాగుండకపోయినా, రంగు మారినంత మాత్రాన పేజీ విరగదు.

పెళుసుదనం ఆమ్లం వల్ల వస్తుంది. సిరా కాగితంమీద వ్యాపించకుండా ఉండటానికి 1807లో ఇల్లిగ్ అనే మరొక జర్మన్ సాంకేతికుడు, చెట్ల బంకతో పాటు పటిక వాడే పద్ధతి ప్రకటించాడు. తరువాత పటికకు బదులు అల్యూమినియం సల్ఫేటు వాడుకలోకి వచ్చింది. గాలిలోని తేమతో కలిసినప్పుడు ఇది ఆమ్లగుణం చూపుతుంది. లిగ్నిన్ శిథిలమైనప్పుడు కూడా ఆమ్లాలు పుడతాయి. ఈ ఆమ్లం సమక్షంలో నీటి అణువు సెల్యులోజు గొలుసును కడియం వద్ద తెంపుతుంది. ఇందులో ప్రమాదకరమైన సంగతి ఏమంటే, ఆమ్లం ఉత్ప్రేరకం మాత్రమే. ఒక గొలుసును తెంపినందువల్ల అది ఖర్చుకాదు. మరొక గొలుసు వద్దకు పోతుంది. పైగా తెగిన ముక్కలు కొత్త ఆమ్లాలను పుట్టిస్తాయి. గొలుసులు పొట్టివైనకొద్దీ పోగు వంగే శక్తి కోల్పోతుంది. చివరకు మడతవద్ద కాగితం విరుగుతుంది.

అమెరికాలో విలియం బారో అనే పరిశోధకుడు 1900-1949 మధ్య అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించి, 1959లో ఫలితాలు ప్రకటించాడు. వాటిలో అత్యధికభాగం బాగా బలహీనపడినవని, ఆమ్లమే ముఖ్య కారణమని తేలింది. తరువాతి దశాబ్దాల్లో మంచి కాగితపు మిల్లులు క్షారగుణంగల కాల్షియం కార్బొనేటు వాడే పద్ధతికి మారాయి. కాని అప్పటికే అచ్చయి ఇళ్ళలో ఉన్న పత్రికలకు ఆ మేలు అందదు.

మిరపకాయ నేర్పే పాఠం

గుంటూరు సీమ రైతు మిరపకాయలను శీతల గిడ్డంగిలో ఎందుకు పెడతాడు? వేడికి, వెలుతురుకు, గాలికి వదిలివేస్తే ఎరుపు వెలిసి ధర పడిపోతుంది. చల్లని చీకటిలో ఆ మార్పు మందగిస్తుంది. కాగితానికీ ఇదే సూత్రం. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని స్థూలంగా చెప్పవచ్చు. క్రింది గదిలో 32 డిగ్రీలు, రేకుల కప్పు క్రింది అటకమీద 42 డిగ్రీలు ఉన్నాయనుకోండి. అటకమీది పత్రిక ఏడాదిలో రెండేళ్ళ వయస్సు పొందుతుంది. మన ఇళ్ళలో పాత పుస్తకాలకు సాధారణంగా చోటు దొరికేది ఆ అటకమీదనే కదా!

తేమ రెండవ విషయం. వానకాలంలో కాగితం నీటి ఆవిరిని పీల్చుకుంటుంది. ఆమ్లం పనిచేయడానికి కావలసిన నీరు అట్లా లభిస్తుంది. బూజు, చెదలు, వెండిరంగుతో మెరిసే రెక్కలులేని చిన్న పురుగులు తేమను ఆశ్రయించే వస్తాయి.

ఇంట్లో చేయదగినవి

పత్రికలను అటకమీదినుంచి దించి, బయటి గోడకు ఆనని బీరువాలో, నేలకు ఎత్తుగా ఉంచాలి. చిన్న సంచికలను పడుకోబెట్టి, ఎక్కువ బరువు పడకుండా పేర్చాలి. ఎండలో ఆరబెట్టకూడదు, నీడలో గాలి తగలనిస్తే చాలు. తుప్పుపట్టిన పిన్నులు కాగితాన్ని తినివేస్తాయి కనుక జాగ్రత్తగా తీసి, నూలుదారంతో కుట్టాలి. దినపత్రికలో చుట్టిపెట్టడం ఆమ్లాన్ని ఆమ్లంతో కప్పడమే. ఆమ్లరహిత కాగితం కాని, ఉతికిన తెల్ల నూలుగుడ్డ కాని మేలు.

చిరిగినచోట అంటుటేపు వేయరాదు. దాని జిగురు కొన్నేళ్ళకు గోధుమరంగుకు తిరిగి, అచ్చును కూడా పాడుచేస్తుంది. పలుచని కాగితపు ముక్కను మైదాలాంటి పిండితో కాచిన పలుచని జిగురుతో అతికితే, అవసరమైనప్పుడు తడిపి తీసివేయవచ్చు. లామినేషన్ అసలే వద్దు. వేడిచేసి అంటించిన ప్లాస్టిక్కును మళ్ళీ విడదీయలేము; లోపలి ఆమ్లం లోపలే ఉండిపోతుంది. సంచి కావాలంటే పాలియెస్టరుది మంచిది. పి.వి.సి. సంచి శిథిలమైతే హైడ్రోక్లోరికామ్లం వెలువడుతుంది.

తరగతిలో ఒక ప్రయోగం

ఒక దినపత్రిక ముక్క, ఒక మంచి నోటుపుస్తకపు కాగితం, ఒక తెల్ల నూలుగుడ్డ ముక్క తీసుకోండి. ప్రతిదానిలో సగభాగాన్ని దళసరి అట్టతో కప్పి, వారంరోజులు ఎండలో ఉంచండి. అట్ట తీసి మూడింటిలోనూ రెండు సగాలను పోల్చండి. లిగ్నిన్ ఎందులో ఉన్నదో విద్యార్థులే చెబుతారు. కళాశాల ప్రయోగశాల అందుబాటులో ఉంటే, అధ్యాపకులు ఆల్కహాలులో కరిగించిన ఫ్లోరోగ్లూసినాల్‌కు గాఢ హైడ్రోక్లోరికామ్లం చేర్చి ఒక చుక్క వేసి చూపవచ్చు. లిగ్నిన్ ఉన్న కాగితం ఎర్రబడుతుంది. ఈ పరీక్ష చిత్తుకాగితాలమీదనే గాని, సేకరించిన సంచికలమీద చేయరాదు.

దేనిని ముందు రక్షించాలి?

చీరాల ప్రక్కన వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికల సంపుటాలకు పేరుపొందినది. ఒక పల్లెటూరి గ్రంథాలయం కొన్ని తరాల ఓపికతో ఏమి సాధించగలదో అక్కడ చూడవచ్చు. అయితే గ్రంథాలయాలు సాధారణంగా గౌరవం పొందిన పత్రికలనే కట్టించి దాచాయి. అట్టపోయిన డిటెక్టివు నవలలు, చిన్న పట్టణాల్లో అచ్చయి ఏడాదికే ఆగిన పత్రికలు ఎక్కువగా ఇళ్ళలోనే మిగిలాయి. అవే అన్నింటికంటె చౌక కాగితంమీద అచ్చయినవి కూడా.

కనుక విద్యార్థులు ఈ వేసవి సెలవులలో తమ ఇళ్ళ అటకలు వెతికి, దొరికిన ప్రతి సంచిక పేరు, సంవత్సరం, నెల, అచ్చయిన ఊరు, కాగితం స్థితి ఒక పుస్తకంలో వ్రాయాలి. మూల మడిస్తే విరిగేటట్లున్న వాటిని ఇక తిప్పకుండా, ఒక్కసారి పేజీ పేజీకి ఫోటో తీసి, చల్లని చోట చదునుగా ఉంచాలి. తెగిన గొలుసును అతికే ఉపాయం ఇంటివద్ద లేదు. తెగకముందు దాచుకోవడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.